హెడ్మాస్టర్ ఇంటికి షీర్ ఖుర్మా

ఆ రంజాన్ పండుగ మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బొల్లారం బస్సెక్కితే, నా పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చేతిలో జపం చేసుకునే తస్బీ, ఒడిలో స్టీలు డబ్బా. ముందు సీట్లో ఉన్న యువతిని చూపించి, "నేను చదువు చెప్పిన పిల్ల. ఇప్పుడు వకీలు," అంది గర్వంగా.

డబ్బాలో ఏముందని అడిగాను.

"షీర్ ఖుర్మా, బేటీ. మా పాత హెడ్మాస్టర్‌కు ఇయ్యనీకి పోతున్న. బస్తీ అంతకు పంచిన గానీ, నేను తిరిగొచ్చేదాక మా ఇంట్ల మనవళ్ళు సుత ముట్టరు."

"అంత మంచివాడా ఆయన?"

ఆమె వేళ్ళ మధ్య తస్బీ ఆగింది.

"మధ్యాహ్న భోజనం బియ్యం ఎత్తుకపోతున్ననని, ఏడో తరగతి పిల్లల ముందట నా సంచి గుమ్మరించిండు. నమాజు చాప తప్ప ఏం పడలే. అయినా మాఫీ అడగలే. అప్పటిసంది ప్రతి ఈద్‌కు ఆ పిల్లల్ల ఒకరిని ఎంట తీస్కపోత. వాళ్ళ ముందట ఆయన ఈ డబ్బా రెండు చేతుల్తో తీస్కోవాలె, తినాలె, మంచిగుందనాలె."

"పెద్దవాడైపోయి ఉంటాడు కదమ్మా. ఇంక క్షమించెయ్యరాదూ?" అన్నాను.

"క్షమించుడు అల్లా పని. నేనైతే ఐదు పూటల నమాజుల ఆయనకు నూరేండ్ల ఆయుష్షు ఇయ్యమని అడుగుత. వచ్చే ఈద్‌కు సుత పోవాలె గద!"

నన్నూ నలుగురిలో దొంగ అన్న మనిషి ఒకడున్నాడు. అంతవరకూ వాడు చావాలని కోరుకునేదాన్ని. ఇప్పుడు రోజూ దీపం పెట్టి, వాడు చల్లగా ఉండాలని మొక్కుతున్నాను. మొన్న స్టీలు డబ్బా కూడా ఒకటి కొన్నాను.