లారీకి కట్టిన మువ్వలు

2022లో నేను సింగపూర్‌లో తెలుగువాళ్ల కోసం నడిచే ఒక ఇంటర్నెట్ రేడియోలో పనిచేస్తున్నాను. స్టూడియో అని గొప్పగా చెప్పుకునేవాళ్లం కానీ, అది టోవా పాయోలో ఒక ట్యూషన్ సెంటర్ వెనక గది. చప్పుడు ప్రతిధ్వనించకుండా గోడలకు పాత దుప్పట్లు కొట్టాం. వారానికి ఒక కార్యక్రమం చేసి, ఫోన్లో వినేవాళ్ల కోసం దాన్నే పాడ్‌కాస్ట్‌గా పెట్టేదాన్ని. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకి దొరకని సెలవులు, అద్దెగదిలో పోపు వేయనివ్వని యజమానులు, లారీల వెనక కూర్చుని పనికి వెళ్లే కూలీలు, ఇవీ నా విషయాలు. "నీకు మంచి సంగతి ఒక్కటీ దొరకదా?" అని ఐటీలో, బ్యాంకుల్లో ఉన్న స్నేహితులు వేళాకోళం చేసేవారు. దొరికినా నాకు రుచించేది కాదు, నిజం చెప్పాలంటే.

సింహాచలం శ్రీకాకుళం జిల్లావాడు. క్రాంజీ దగ్గర డార్మిటరీలో ఉంటూ, ఇనుప ప్లేట్లు వంచే ఒక యార్డులో పనిచేసేవాడు. మిషన్లో పడి అతని కుడిచేతి రెండు వేళ్లు నలిగిపోయాయి. పనిచోట ప్రమాదం జరిగిందంటే విచారణ వస్తుంది. అందుకని వాళ్ల సూపర్‌వైజరు, అతనూ తెలుగువాడే, బాత్రూం తలుపులో నలిగాయని ఆసుపత్రిలో చెప్పమన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం డార్మిటరీ ఎదురుగా బస్‌స్టాప్ పక్కన గడ్డిలో కూర్చుని మాట్లాడాం. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"డాక్టరు ముందర నిలబడి అబద్దం సెప్పీసినానక్కా. ఆ డాక్టరు నా మొకం సూసి ఏటీ అన్నేదు."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నారు?"

"ఆ మిసనుకి అడ్డుజాలీ ఇప్పటికీ ఎయ్యనేదు. ఇంకోడి సేతి ఏళ్లు పోతాయి. కానీ నాను సెప్పినట్టు తెల్డానికి నేదు. తెల్సిందంటే పర్మిట్టు తీసీసి ఇమానం ఎక్కించీత్తారు. సెయ్యి సగమే బాగయింది, ఇంకా ఆస్పటల్‌కి ఎల్లాల."

ఎవరికీ తెలియనివ్వనని మాట ఇచ్చాను. మాట ఇవ్వడంలో నాకు ఎప్పుడూ ఆలస్యం ఉండేది కాదు.

అంతలో ఒక లారీ వచ్చి ఆగింది. వెనక తలుపు దించగానే మువ్వలు ఘల్లుమన్నాయి. సింహాచలం మొహంలో ఆ రోజు మొదటిసారి నవ్వు చూశాను. అది వాళ్ల కంపెనీ లారీ. కిందటి దసరాకి ఆయుధపూజ చేసి, పసుపూ కుంకుమా పెట్టి, తను ఊరినుంచి తెచ్చుకున్న మువ్వల పట్టెడ ఆ తలుపు గొలుసుకి కట్టాడట. వాళ్లింటి ఎద్దు మెడలోదట అది. ఆ పూజలో గుమ్మడికాయ కొట్టింది సూపర్‌వైజరే. నేను వెంటనే మైకు లారీ వైపు తిప్పాను.

రేడియోలో దీన్ని ఆంబియెన్స్ అంటాం. మాటల వెనక ఉండే ఆ చోటి చప్పుడు. అదుంటే వినేవాడు ఇంట్లో కూర్చునే అక్కడికి వెళ్లిపోతాడు. ఆ పిచ్చి నాకు మరీ ఎక్కువ. సింహాచలం పేరు మార్చాను, ఊరు తీసేశాను, గొంతును సాఫ్ట్‌వేర్‌లో బాగా కిందికి దింపాను. ఆ మువ్వల్ని మాత్రం కార్యక్రమం మొట్టమొదట పెట్టాను, పది సెకన్లు, అచ్చంగా.

ప్రసారానికి ముందురోజు ఫోన్ చేశాడు.

"అక్కా, ఓపాలి ఇనిపించీవా? భయంగా ఉంది."

"అలా వినిపించకూడదండీ. మా వృత్తిలో అది నియమం. గొంతు మార్చేశాను, మీరు నిశ్చింతగా ఉండండి."

"సర్లే అక్కా. నీకు తెల్దా ఏటి."

ప్రసారమైన నాలుగో రోజు విమానాశ్రయం నుంచి మళ్లీ ఫోన్ చేశాడు. పక్కన కంపెనీ పెట్టిన ఇద్దరు మనుషులు కాపలా ఉన్నారట.

"సూపరువైజరు మమ్మల్నందర్నీ నిలబెట్టి ఫోన్లో నీ పోగ్రాం పెట్టినాడక్కా. మువ్వల కాడ ఆపీసినాడు. ఇంకేటీ ఇన్నేదు. నా మొకమే సూసినాడు."

గాయపడిన కార్మికుల తరఫున పోరాడే సంస్థలు ఇక్కడ ఉన్నాయి. వాళ్ల దగ్గరికి ముందే తీసుకెళ్లాల్సింది. కార్యక్రమం అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. అప్పుడు హడావుడిగా అందరికీ ఫోన్లు చేశాను, ఈలోగా విమానం వెళ్లిపోయింది.

తరువాతి ఏడు ఆ కార్యక్రమానికి బహుమతి వచ్చింది. హోటల్ హాల్లో న్యాయనిర్ణేత ఒకాయన, "ఆ మొదటి పది సెకన్లు చాలు, ఇంకేం వినక్కర్లేదు," అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్లాను, నవ్వాను, ఫోటో దిగాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఆ వారంలోనే సింహాచలం ఊరినుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. "గొంతు బాగా దాసినావక్కా. మా ఆడదానికి పెట్టి ఇనిపిత్తే నన్ను పోల్చుకోనేదు, ఈడెవుడో పాపం అంది. మువ్వలు ఇని, మన ఎద్దు పట్టెడ కదేటి, అనీసింది. సేతి ఏళ్లు రెండూ ఒంగవక్కా ఇప్పుడు." లారీకి మువ్వలు తీసేశారని కూడా చెప్పాడు. ఆ మిషన్‌కి జాలీ వేశారో లేదో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి ఇప్పుడు నేను చెప్పేది ఒక్కటే. ముప్పులో ఉన్న మనిషికి ప్రసారానికి ముందే మొత్తం వినిపించండి, మాటలే కాదు, వెనక చప్పుడు కూడా. వినిపించకూడదన్న నియమం, పలుకుబడి ఉన్నవాళ్లు తమ మాటలు మార్పించకుండా పెట్టుకున్నది. నేను దాన్ని ఒక కూలీ మీద వాడి గొప్పపడ్డాను. కొత్తవాళ్లు బుద్ధిగా రాసుకుంటారు. ఎలా తెలిసిందని ఎవరూ అడగరు, నేనూ చెప్పను. అతను అడిగిన ఆ రోజు ఫోన్ స్పీకరు దగ్గర పెట్టి ఆ పది సెకన్లు వినిపించి ఉంటే చాలు. "అది తీసీయక్కా," అనేవాడు.