ఆ అవ్వ పేరేమిటి?

తగువు విన్న పెద్దలు తీర్పు చెప్పే ముందు లేచి, "ఉండండి, అవ్వని అడిగొస్తాం" అని పెరట్లోకి వెళ్తారు. మా అకాన్ తెగవాళ్లలో ఎప్పటినుంచో ఇదే వరస. పెరట్లో అవ్వా ఉండదు, ఎవరూ ఉండరు. ముగ్గురు మగవాళ్లు గోడ పక్కన చేరి గుసగుసలాడుకుని, ముక్కుపొడుం పీల్చి, తిరిగొచ్చి "అవ్వ ఇలా అంది" అంటారు. చిన్నప్పుడు మా అమ్మని అడిగాను, ఆ అవ్వ ఎవరే అని.

"ఎవరూ లేరు. మగాళ్లకి ఒంటేలుకి పోడానికి ఓ సాకు కావాలిగా," అంది.

మా అన్న అడోమాకో జుట్టు నల్లగా ఉన్న రోజులనుంచీ ఆ సాకుతోనే ఊరి తగువులు తీర్చాడు. తగువు మా వాకిట్లో, అవ్వ మా పెరట్లో. పళ్లపుల్ల నములుతూ వినేవాడు. ఎంత తిట్టుకున్నా మధ్యలో నోరెత్తడు. పుల్ల కొస పీచుపీచుగా అయ్యాక లేచేవాడు. వాడికి చదువు లేదు, నాకూ లేదు. కానీ కోకో తోటల గట్ల తగాదాకి కుమాసి నగరం నుంచి లాయరును తెచ్చినవాళ్లు కూడా చివరికి మా వాకిట్లోనే కూర్చునేవారు. ఇది నేను గొప్పకి చెప్పడం లేదు. గొప్పే, అందుకని చెబుతున్నాను.

న్సియా పోయాక వచ్చింది చిక్కు. న్సియా, అతని పెళ్లాం ఫ్రేమా పడుచువాళ్లుగా ఈ అడవికి వచ్చి, చెట్లు కొట్టి కోకో నాటినవాళ్లు. తోటలో కోలా చెట్టు కింద చోటు చూపించి, "నన్నిక్కడ పెట్టు" అనేవాడట పెళ్లాంతో. అతను చనిపోగానే అతని తల్లివాళ్ల ఊరు మాంపోంగ్ నుంచి మేనల్లుడు డార్కో దిగాడు. మాలో మనిషి తల్లి వంశానికి చెందుతాడు, శవమూ అంతే. శవం పట్నం ఆసుపత్రి చల్లగదిలో ఉండగా ఫ్రేమా, డార్కో ఇద్దరూ మా వాకిట్లోకి వచ్చారు.

అన్న విన్నాడు. తోటి పెద్దలిద్దరితో పెరట్లోకి వెళ్లాడు, వచ్చాడు. "శవాన్ని మాంపోంగ్ తీసుకెళ్లమంది అవ్వ," అని డార్కో చేతికి గెలుపు గుర్తుగా తెల్ల సుద్ద పూశాడు.

ఫ్రేమా ఏడవలేదు. "నానా," అంది. పెద్దవాళ్లని మేం అలాగే పిలుస్తాం. "ఆ అవ్వ పేరేంటి?"

జనం నవ్వబోయి ఆగిపోయారు. ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడిగింది కాదు.

"పేరు లేకపోతే పోనీ. మొగుణ్ణి పోగొట్టుకుందా ఆవిడ? పక్క మీద చెయ్యేస్తే తగలకపోతే ఎట్టా ఉంటుందో ఆవిడకి తెలుసా? ఓసారి ఇట్టా పిలవండి నానా, నేనే అడుగుతాను."

అన్న నోట్లోంచి పుల్ల జారిపడింది.

ఆ సాయంత్రం పెరట్లోంచి కేకేశాడు. "చెల్లీ, అమ్మ పీట నిలబెట్టింది నువ్వేనా?"

"నా నడుం నొప్పికి నన్ను లేపేవాళ్లే లేరు, నేను పీటలెత్తుతానా?"

మనిషి లేచాక పీటని పక్కకి వాల్చిపెట్టడం మా అలవాటు. నిలబెట్టి ఉంచితే చచ్చి తిరుగాడేవాళ్లెవరైనా వచ్చి కూర్చుంటారు. అమ్మ పోయినప్పటినుంచీ ఆ పీట గోడవారగా వాలే ఉంది. అన్న దాన్ని మళ్లీ వాల్చాడు. తర్వాత మేక తగువు వచ్చినప్పుడు పెరట్లోకి వెళ్తే, మళ్లీ నిలబడి ఉంది. తిరిగొచ్చి, "అవ్వ మాట్లాడలేదు," అన్నాడు. జనం హాస్యమనుకున్నారు. ఆపై తగువుకీ అదే మాట. అప్పుడెవరూ నవ్వలేదు.

అన్నం ముద్ద నోటి దాకా వెళ్లేది కాదు వాడికి.

"వీపు కనబడుతోందే, పీట మీద," అన్నాడు ఓ పొద్దు.

"మొహం?"

"తిప్పదు."

"అయితే అమ్మ కాదులే. అమ్మయితే ఈపాటికి తిరిగి తిట్టిపోసేది." నవ్విద్దామనే అన్నాను. "ఏమంటుంది?"

"ఏమీ అనదు. అడుగుతానని చూస్తోంది. ఇన్నేళ్లూ అడిగొచ్చానని చెప్పాను చూడు, ఒక్కసారీ అడగలేదు."

"అయితే పోయి అడుగు. నన్ను చంపుకుతినకు."

శవాన్ని తీసుకెళ్లే ముందు రోజు అన్న ఫ్రేమానీ డార్కోనీ మళ్లీ పిలిపించాడు. ఇచ్చిన తీర్పు వెనక్కి తీసుకునే పెద్దమనిషిని చూసి ఊరు నవ్వుతుంటే చూడాల్సిన ఖర్మ నాకెందుకని, నేను పొద్దున్నే గంప తీసుకుని చామదుంపలు తవ్వడానికి తోటకి పోయాను. జరిగింది తర్వాత ఫ్రేమా చెప్పింది.

తోటి పెద్దలు పెరట్లోకి రామన్నారట. అన్న ఒక్కడే వెళ్లాడు. చాలాసేపటికి వచ్చి, "న్సియా గోళ్లూ జుట్టూ మాంపోంగ్‌కి. దేహం కోలా చెట్టు కిందికి," అన్నాడు.

డార్కో ఎగిరిపడ్డాడు. "ఇదేం న్యాయం నానా! గోళ్లూ జుట్టూ ఇంటికి తెచ్చి పాతేది దూరాన చచ్చినవాళ్లకి. ఈయన పక్క పట్నంలోనేగా పోయింది!"

"ఎవరికి దూరం రా?" అన్నాడు అన్న. "మీ మామ ఏ పక్కకి తిరిగి పడుకునేవాడు? ఏ కాలు కుంటేవాడు? చెప్పు. నువ్వు కాకపోతే నీతో వచ్చినవాళ్లలో ఎవరైనా చెప్పండి. బతికుండగానే మీకు దూరాన పోయాడు ఆయన."

డార్కో తనవాళ్ల వంక చూశాడు. వాళ్లు నేల చూశారు. చివరికి అతనే, ఎప్పుడో పోయిన సుద్ద ఇంకా ఉన్నట్టు, చేతిని గుడ్డతో తుడుచుకున్నాడట. న్సియా ఇప్పుడు కోలా చెట్టు కిందే ఉన్నాడు.

నేను తోటనుంచి వచ్చేసరికి అన్న గుమ్మంలో ఎదురయ్యాడు. ఎన్నాళ్లకో వాడి మొహం తేటగా ఉంది.

"సమయానికి భలే అందించావే వంటింట్లోంచి! 'ఎవరికి దూరం రా?' అన్నావు చూడు, అక్కడే విడింది ముడి. పెరట్లో నేను అడిగిన నోరు మూయకముందే అన్నావు."

నా నెత్తిమీద గంప ఇంకా దించలేదు. వాడు గంప వంక చూశాడు, ఆరని బురదతో ఉన్న నా కాళ్ల వంక చూశాడు. ఆ సంగతి ఇద్దరం మళ్లీ ఎత్తలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

అన్న పోయాడు. వేరే పెద్దలు వచ్చారు. తగువులు ఇప్పటికీ మా వాకిట్లోనే, గుసగుసలు మాత్రం వీధి వైపు. మా పెరట్లోకి ఎవరూ రారు. న్సియా తీర్పు ఎవరిదని అడిగితే నాదేనని చెబుతాను. నా గొంతుతో పలికింది కాబట్టి నాదే. కాదనే ధైర్యం ఈ ఊళ్లో ఎవరికుంది?

పీటని మాత్రం వాల్చడం మానేశాను. పొద్దున్నే పెరడు ఊడుస్తూ అక్కడికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగుతాను. "కాళ్లు కాస్త తియ్యవ్వా," అంటాను. తీసేదాకా ఉండి, ఊడుస్తాను.