గజ్జెల గున్న కేసులో ఫిర్యాది నేనే

దొంగను పట్టించినవాళ్లను మీరు చూసే ఉంటారు. తన దొంగతనాన్ని తానే టైపు చేసి, ఫొటోలు జతచేసి, కింద "తక్షణం చర్య తీసుకోగలరు" అని రాసి పంపిన మహాతల్లిని చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. పేరు స్వప్న. ఆ ఒక్క మెయిలుతో నా దుకాణం పోయింది, పక్క దుకాణం పోయింది, ఆ పక్క దుకాణంలో మనిషీ పోయాడు. మొదటి రెండూ తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నానో. మూడోదానికి నవ్వు సగంలో ఆగిపోతుంది.

అప్పుడు నేను నాచారంలో ఒక ఫ్లెక్సీల షాపులో డిజైనర్ని. పుట్టినరోజు నాయకుల బుగ్గలు తెల్లగా చేయడం నా ఉద్యోగం. ఆదివారం సాయంత్రం మాత్రం ఉప్పల్ మెట్రో కింద, ఒక పిల్లర్ పక్కన టేబుల్ వేసుకుని స్టిక్కర్లు అమ్మేదాన్ని. వాటి మీద గజ్జెల గున్న. పిల్లలు అన్నం మానేసి టీవీలో చూసే ఆ ఏనుగు పిల్లే. టీవీలో అది అడవిలో తిరుగుతుంది, నేను దాన్ని ఉప్పల్‌కి తెచ్చాను. నా గున్న సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడేది, మిర్చి బజ్జీ తిని తొండంతో నోట్లో నీళ్లు కొట్టుకునేది, తన తలకు హెల్మెట్ పట్టదని పోలీసుతో వాదించేది. ఎవరి ఏనుగు, ఎవరిని అడగాలి అన్న ఆలోచనే నాకు రాలేదు. అంత ప్రేమగా గీశాక మళ్లీ అడిగేదేమిటి అనుకున్నాను.

పక్క పిల్లర్ దగ్గర ప్రభుదాస్, సన్న మీసం, చెవి మీద పెన్నుతో, ఫోన్ కవర్లు అమ్మేవాడు. పొద్దున చర్చి, సాయంత్రం దుకాణం. వస్తూనే ఊగిపోతున్న నా టేబుల్ కాలి కింద అట్టముక్క పెట్టి, ఇద్దరికీ చాయ్ చెప్పేవాడు. చాయ్ అన్న, కండక్టరన్న, ఆఖరికి మా ఓనరన్న, అందరూ నాకు అన్నలే. అతన్ని మాత్రం పేరు పెట్టి పిలిచేదాన్ని. ఎందుకో మీకు అర్థమైంది. అతనికి అర్థమైందో లేదో తెలియక రెండేళ్లు ఆదివారాల కోసం బతికాను.

ఒక ఆదివారం అతని కవర్ల మధ్య ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ ఏనుగు కనబడింది. నా ఏనుగు!

"ఏంది ప్రభూ ఇది? నా బొమ్మ నీ కవర్ మీదికి ఎట్లొచ్చింది?"

"మస్తుగున్నది గదా? నీకు జెప్దామనే..."

"జెప్పేదేంది? దొంగతనం జేసి జెప్తవా?"

"జర ఇను స్వప్నా. పది కవర్లే ఏయించిన. గా కవర్ జర ఎనకకు తిప్పి సూడు."

"నేనేం సూడ! నీ సంగతి ఎట్ల జెయ్యాల్నో నాకెర్కే!"

ఒక ఫొటో తీసుకుని, టేబుల్ మడిచి, విసవిసా వెళ్లిపోయాను. నిజం చెప్పొద్దూ, ఏనుగు పోయినందుకు నాకంత కోపం రాలేదు. రెండేళ్లుగా ఈ మనిషి నాతో ఏదో చెబుతాడని కాచుకుని కూర్చుంటే, బొమ్మ పట్టుకుపోయాడే అని ఏడుపొచ్చింది.

ఎవరికి ఫిర్యాదు చేయాలి? నా బుర్రకు తట్టిన మహత్తరమైన ఆలోచన ఏమిటంటే, గజ్జెల గున్న కంపెనీకే. ఏనుగు బాధ వాళ్లకు కాక ఎవరికి తెలుస్తుంది? "అయ్యా, మీ గున్న బొమ్మలు రెండేళ్లుగా నేను స్వయంగా గీసి అమ్ముకుంటున్నాను. వాటిని వేరొకరు కాపీ కొడుతున్నారు" అని రాసి, రెండు దుకాణాల అడ్రసూ ఇచ్చి, అతని కవరు ఫొటోతోపాటు నా స్టిక్కర్లన్నీ వరసగా పేర్చి తీసిన ఫొటోలు కూడా పంపాను. వెంటనే జవాబొచ్చింది: "పూర్తి వివరాలు ఇచ్చినందుకు కృతజ్ఞతలు." పెద్ద కంపెనీ మర్యాద చూడండి అని మురిసిపోయాను.

తర్వాతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకున్న కంపెనీ మనిషి ఒకాయన ఫైలు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"ఈ బొమ్మలు గీసింది మీరేనా అమ్మా?"

"నేనే సార్! ఒక్కొక్క గీత నాదే."

"అమ్ముతున్నదీ మీరేనా?"

"రెండేండ్ల సంది సార్. ఉప్పల్ల ఎవర్నన్న అడుగుండ్రి."

"అదే ఇక్కడ రాసి సంతకం చేస్తారా?"

చేశాను. ఇంటిపేరుతో సహా.

ఆయన కాగితం జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుని, "గీత మీదేనమ్మా. ఏనుగు మాది" అన్నాడు.

ఆ తర్వాత చాలా చెప్పాడు. ఎంత ప్రేమతో గీసినా అడక్కుండా అమ్మితే కాపీరైట్ చట్టం ఊరుకోదట. సరుకంతా ఇచ్చేసి, ఇకమీద అమ్మబోమని ఇద్దరూ రాసివ్వాలి, లేదంటే కోర్టు. ఆయన ప్రభు దుకాణం వైపు నడిచి ఒక కవరు వెనక్కి తిప్పాడు.

"ఇక్కడ 'బొమ్మ: స్వప్న, నాచారం' అని అచ్చువేశారు. ఆ స్వప్న మీరేనా?"

అప్పుడు చూశాను. చిన్న అక్షరాలు, పక్కన ఒక పువ్వు. రెండేళ్లలో నా స్టిక్కర్ల మీద నేనే నా పేరు వేసుకోలేదు. అతను వేశాడు.

ప్రభు ముందుకొచ్చాడు. "ఆమెకేం తెల్వద్ సార్. గీయమన్నది నేనే, అమ్మమన్నది నేనే. నా పేరు రాస్కోండ్రి."

"ఆవిడ రాతపూర్వకంగా వేరేలా చెప్పారు బాబూ."

ఇద్దరం సంతకాలు పెట్టాం. గున్నలన్నీ గోనెసంచిలోకి వెళ్లిపోయాయి. ప్రభు నన్ను ఒక్క మాట అనలేదు. ఖాళీ టేబుల్ తుడుచుకుంటూ, "చాయ్ తాగుతవా?" అని అడిగాడు. మొహం ఎత్తలేక "వద్దు" అన్నాను. మెయిలు పంపినందుకు నన్ను నేను క్షమించుకున్నాను గాని, ఆ ఒక్క మాటకు ఇప్పటికీ తిట్టుకుంటాను.

తర్వాతి ఆదివారం అతను రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే నంబరు పనిచేయడం లేదు. చాయ్ అన్నను అడిగితే, "పోచారం దిక్కు ఏదో షాపుల జేరిండంట బిడ్డా. గా షాపు పేరు నాకు తెల్వది" అన్నాడు. పోచారంలో ఫోన్ షాపులు ఎన్నున్నాయో నన్నడగండి. ప్రతిదాంట్లో ఒక కవరు కొన్నాను. నాకున్నది ఒక్కటే ఫోను.

ఇప్పుడు నేను చట్టం తెలిసిన మనిషిని. ఎవరి ఏనుగు జోలికీ పోను. సొంతంగా ఒక బొమ్మ పుట్టించి అమ్ముతున్నాను: సన్న మీసం, చెవి మీద పెన్ను, మెడలో చిన్న సిలువ, ఎప్పుడూ ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టుండే నోరు. జనానికి బాగానే నచ్చాడు. "ఎవరక్కా ఈయన?" అని కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. నేను చిల్లర వెతుక్కుంటాను. ఆ మొహం వాడుకోవడానికి నేను ఎవరి అనుమతీ తీసుకోలేదు. ఈసారి అన్నీ తెలిసే చేశాను.

కాబట్టి పాఠక మహాశయులారా, ఉప్పల్ మెట్రో సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఒంట్లో ఊపిరి ఉండగా ఇంకెవరి మీదా ఫిర్యాదు రాయను. ఆ మీసం తనదేనని ఎవరైనా నా మీద ఫిర్యాదు చేయదలిస్తే మాత్రం మెయిళ్లు చెల్లవు, మనిషే రావాలి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను.