వాగు దగ్గర మోగిన గంట

మా స్టాఫ్ రూములో ఈ కథను ఇప్పటికీ ఒకే రకంగా చెబుతారు. అంతా నేనే పకడ్బందీగా ప్లాన్ చేశానట. ఏ ఫొటో దగ్గర ఆగాలో, ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలో ఆశా వర్కరుకు నూరిపోసి ఖమ్మం మీటింగుకు తీసుకెళ్లానట. గంట మోగినప్పుడు ఆమె సరిగ్గా ఆ చోట ఆగడం కూడా నా ఐడియాయేనట. మా హెడ్మాస్టరుగారైతే కొత్తగా వచ్చిన టీచర్లకు నన్ను చూపించి, "ప్రెజెంటేషన్ అంటే ఈ మేడమ్ దగ్గర నేర్చుకోవాలె" అంటారు. పొగిడితే నాకూ బాగానే ఉంటుంది. కానీ అది నిజం కాదు. నా మాటే విని ఉంటే ఆ రోజు ఆమె స్టేజి మీద బిక్కచచ్చి నిలబడేది.

సత్తుపల్లి దాటి అడవి అంచుకు పోయే రోడ్డు మీద మా హైస్కూలు. నేను సైన్సు చెబుతాను, బడి వెనక వీధిలో అద్దెకుంటాను. ఆమె మా ఊరి ఆశా వర్కరు. గర్భిణులను, పసిపిల్లలను, బీపీ గోళీలు వేసుకునే ముసలివాళ్లను ఇంటింటికీ తిరిగి చూసుకునే మనిషి. నాకంటే పదేళ్లు చిన్న. మామూలుగా నన్ను టీచరక్కా అంటుంది, నేను కసిరితే మాత్రం మేడమ్ అయిపోతాను. పుట్టిన బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టడానికి సెకన్ల ముల్లున్న వాచీ ఒకటి ఎడమ చేతికి పెట్టుకుంటుంది. దాని ముఖం ఎప్పుడూ మణికట్టు లోపలి వైపే.

ఊరి చివర వాగు, వాగు మీద సన్నటి చప్టా, అవతల పదకొండు ఇళ్లు. ఫోన్ చేస్తే అంబులెన్సు రాదని నేననను, వస్తుంది. అయితే చప్టా మీద పట్టదు, ఇవతలి గట్టునే ఆగుతుంది. అవతలి నుంచి మనిషిని మంచం మీద మోసుకురావాలి. ఆ ఎండాకాలంలో ఒక కబురొచ్చింది. పక్కన పడక బిగించిన బైక్ అంబులెన్సు ఒకటి మా వైపుకు ఇస్తారట, మూడు ఊళ్ల ఆరోగ్య ఉప కేంద్రాలు అడుగుతున్నాయి, ఎవరి అవసరం ఏమిటో ఖమ్మం మీటింగులో ఏడేసి నిమిషాల్లో చెప్పుకోవాలి, టైం అయిపోగానే గంట కొడతారు. మా ఉప కేంద్రం నర్సమ్మ, "ఇండ్లల్ల తిరిగేది నువ్వు, నువ్వే చెప్పు" అని ఈమెను ముందుకు తోసింది.

వాగు అవతల ఆఖరి ఇంటి కోడలికి అప్పుడు ఆరో నెల. లెక్క ప్రకారం కాన్పు సరిగ్గా వానల్లో. ముందటి కాన్పులో ఆమెను మంచం మీద తెస్తుంటే దారిలోనే పుట్టి, గట్టు ఎక్కేలోపే బిడ్డ పోయింది. ఆ మంచం కోళ్లలో ఒకటి పట్టుకున్నది మా ఆశా వర్కరే. ఆ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది, చెప్పి వెంటనే వేరే మాట ఎత్తుకుంది.

"టీచరక్కా, నాకు స్లైడ్లు చేసియ్యి. ఊకె మాట్లాడితే ఎవ్వరినరు" అని ఒక సాయంత్రం మా వరండాలోకి వచ్చింది.

చేసిచ్చాను. పద్దెనిమిది. ఉద్దేశం, జనాభా, గర్భిణులు, బీపీ, షుగరు, ఒక్కోదానికి ఒక్కో రంగుల చక్రం. ఆమెను గోడ ముందు నిలబెట్టి, నేను ఆఫీసరునై కుర్చీలో కూర్చున్నాను.

"బీపీ ఎంతమందికి?"

కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి, వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. నేను గడియారం చూశాను.

"పద్నాలుగు" అంది చివరికి.

"గర్భిణులు?"

మళ్లీ కళ్లు మూసుకుంది. నాకు తిక్క లేచింది. "ఏడేండ్ల సంది ఇదే పని గద. నంబర్లు నోటికి రావా? అక్కడ గట్ల కండ్లు మూస్తే నిద్రవోతుందనుకుంటరు."

ఆమె కళ్లు తెరిచింది. "మేడమ్, మీ వంటింట్ల డబ్బాలెన్ని?"

"ఇప్పుడు డబ్బాలెందుకు?"

"చెప్పున్రి. రోజు ముట్టుకునేటివే గద."

చెప్పబోయి ఆగాను. ఉప్పు, కారం, పసుపు, కిటికీ పక్కన చింతపండు జాడీ, దాని వెనక రవ్వ... నా వేలు గాల్లో అరల వెంట పోతోంది. కింది అరకు వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"అగో, నువ్వు గూడ నడుస్తున్నవక్కా. నేను గిట్లనే. వేపచెట్టు ఇంటికాడ మొదలువెడ్త, వరసగ వోత. నడిమిట్లకెల్లి అడిగితే నాకేం దెల్వది."

ఇన్నేళ్లు పిల్లలకు శీర్షికలూ ఉపశీర్షికలూ నేర్పిన నాకు ఆ మాట చెంప మీద తగిలింది. ఆమెకు ఊరంతా తెలుసు, నడిచే వరసలో తెలుసు. నేను ఆ ఊరిని ముక్కలు చేసి, బీపీవాళ్లనొక పక్క, కడుపుతో ఉన్నవాళ్లనొక పక్క కుప్పపోశాను. నా కుప్పల్లో ఆమెకు దారి ఎక్కడ దొరుకుతుంది?

పద్దెనిమిదీ తీసేశాం. ఆదివారం పొద్దున ఆమె వెంట నేనూ నడిచాను, ఫోన్‌తో ఫొటోలు తీస్తూ. దారి పొడుగునా పోట్లాటే. నాకు మనుషుల ముఖాలు కావాలి, ఆమె తీయనివ్వదు.

"ముఖం వెట్టకు. రేపు మళ్లా ఆ ఇంటికి నేనే వోవాలె."

అందుకని వేపచెట్టు, బోరింగు, ఓపెన్‌కాస్టు గనిలో డ్యూటీ చేసేవాళ్ల ఇంటి ముందు ఆరేసిన బొగ్గు మరకల యూనిఫాం, టైలరు మిషను, వాగు, చప్టా. ఆఖరి ఇంట్లో మాత్రం ఏం తీయాలో తోచలేదు. ఒకసారి పోగొట్టుకున్నవాళ్లు, కాన్పుకు ముందు ఉయ్యాల తాడు కూడా కట్టుకోలేదు. ఆమె గోడకు నిలబెట్టిన మంచం చూపించి, "గదే" అంది. తీశాను.

రిహార్సల్‌లో ఇంకో గొడవ. "వేదిక నలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టి, అందరికీ పేరుపేరునా నమస్కారాలు చెప్పేసరికి నిమిషం గడిచిపోయేది. కొట్టేశాను.

"పెద్దోళ్లు ఏమనుకుంటరక్కా?"

"నిమిషం మిగిలిందనుకుంటరు."

మూతి ముడుచుకుంది, కానీ ఒప్పుకుంది. అక్కడి నుంచి ఎన్నిసార్లు చెప్పినా ఆరు నిమిషాల్లో ఆఖరి ఇల్లు చేరి, మంచం చూపించి, బండి ఇప్పించమని అడిగేది. ప్రతిసారీ ఆరే. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఖమ్మంలో మా వంతు మూడోది. మొదటి ఇద్దరూ తెర వైపు తిరిగి, తెర మీద ఉన్నదే చదివారు. నేను లాప్‌టాప్ దగ్గర, బాణం మీటపై వేలు పెట్టి కూర్చున్నాను. ఈమె స్టేజి మెట్ల దగ్గర చెప్పులు విడిచింది. చప్పున వేసుకొమ్మని సైగ చేశాను. చూడనట్టే ఎక్కింది. ఏ ఇంటికి వెళ్లినా గడపలో విడిచే అలవాటు మరి.

"మా ఊర్లె మొదటిల్లు వేపచెట్టు ఇల్లు సార్. రాన్రి, పోదాం" అంది.

ఆ "రాన్రి" మేం అనుకున్నది కాదు. మధ్యలో కూర్చున్న పెద్ద ఆఫీసరు పెన్ను కింద పెట్టారు. బోరింగు దాటింది. యూనిఫాం ఇల్లు దాటింది. టైలరు దగ్గర నిలబడిపోయింది. ఆ టైలరు ముసలాయన బీపీ గోళీ మింగడానికి ఎన్ని సాకులు చెబుతాడో, ఆయన గొంతుతోనే చెప్పడం మొదలుపెట్టింది. "నువ్వు ముందుగాల మింగు బిడ్డా, నువ్వు బతికితే నేన్ మింగుత." హాలంతా నవ్వుతోంది. ఇదంతా రిహార్సల్‌లో ఎక్కడుంది? నిమిషాలు కరిగిపోతున్నాయి, అవతలి గట్టు అలాగే ఉంది.

వాగు ఫొటో తెర మీదికి వచ్చింది. గంట మోగింది.

ఆమె ఆగింది, నిజంగా నీళ్ల ముందు మనిషి ఆగినట్టే. నా వేలు మీట మీదే కొయ్యబారింది.

"గంట గొట్టిన్రు సార్" అంది నెమ్మదిగా. "అంబులెన్సు గూడ గీడికే వచ్చి ఆగుతది. అవతల ఇంక పదకొండు ఇండ్లున్నయ్."

నమస్కారం పెట్టి మెట్లు దిగింది. చెప్పుల్లో కాలు పెట్టబోతుంటే పెద్ద ఆఫీసరు అడిగారు: "అవతల ఏముందమ్మా?"

"టైం అయిపోయింది గద సార్."

"ఫర్వాలేదు, చెప్పండి."

మళ్లీ ఎక్కింది. చప్టా దాటించింది, పదకొండు ఇళ్లూ తిప్పింది, మంచం ముందు నిలబెట్టింది. అక్కడ ఎక్కువ మాట్లాడలేదు. "పోయినసారి ఇదే మంచం. ఈసారి వానలల్ల కాన్పు" అంది, అంతే. బండి ఇప్పించమని అడగడం మరిచిపోయింది. ఎవరూ గుర్తుచేయలేదు.

తొలకరికి బండి వచ్చింది. ఒక వాన పొద్దున ఆ కోడలు దాని మీద చప్టా దాటి దవాఖానాకు చేరింది. ఆడపిల్ల. ఇప్పుడు పాకుతోంది, నేను ఎత్తుకుంటే నా కళ్లజోడు లాగేస్తుంది. ఆ మంచం మీద మిరపకాయలు ఎండబెడుతున్నారు.

ఖమ్మం నుంచి తిరిగి వస్తున్నప్పుడు బస్సులోనే అడిగాను, "కావాల్నని ఆగినవా?" అని. ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి, "తినక్కా, పులిహోర" అంది. ఆ తర్వాత కోపంగా అడిగాను, ముద్దుగా అడిగాను, బిడ్డ పుట్టిన రోజు దవాఖానా మెట్ల మీద కూడా అడిగాను. "నీకెట్ల అనిపిస్తే గట్లనే అనుకో" అని నవ్వుతుంది.

ఒకటి మాత్రం నేను చూశాను. టైలరు ఇంటి దగ్గర, హాలు నవ్వుతున్నప్పుడు, ఆమె ఎడమ మణికట్టు ఒకసారి పైకి తిరిగింది. జారుతున్న గాజులు వెనక్కి తోసుకుందా, లేక వాచీ చూసుకుందా?