విజిల్ కొట్టని మధ్యాహ్నం

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఒమాన్‌కు వచ్చి పదహారేళ్ళు, అందులో తొమ్మిదేళ్ళు ఫోర్మన్‌గానే గడిచాయి. మెడలో ఎప్పుడూ ఒక విజిల్ వేలాడుతుంటుంది. ఎండాకాలంలో పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి రూలు. ఆ మూడు గంటలూ నేను ఎవరి జోలికీ పోను. మూడున్నరకు విజిల్ కొట్టాక మాత్రం ఒక్క నిమిషం ఆలస్యమైనా ఊరుకోను. అందుకే మా కంపెనీ బస్సు నడిపే హైదరాబాద్ చాచా నన్ను జనరల్ సాబ్ అంటాడు. వెనక కాదు, ముఖం మీదే అంటాడు.

ఆ వేసవి మా మబేలా సైట్‌లో బ్రేక్ అంటే విచారణే. ఏళ్ళ తరబడి ఒక దేశాన్ని గుప్పిట్లో పెట్టుకుని ఏలిన మనిషిని అక్కడి జనం గద్దె దించారు. ఇప్పుడు కోర్టులో నిలబెట్టి, ఆ విచారణను రోజూ లైవ్‌లో చూపిస్తున్నారు. ఆ దేశం పేరు రాయను, రాస్తే ఆయన పేరు రాసినట్టే. తీర్పు ఇంకా రాలేదు. వస్తుందనే మా అందరి నమ్మకం.

ఆ దేశంవాడు మా దగ్గర ఒకడున్నాడు. టైల్స్ మేస్త్రీ. ఘాలా క్యాంపులో ఇద్దరిదీ ఒకే రూమ్, నాది కింది మంచం, అతనిది పైది. అన్నం తినగానే ఫోన్‌ను సిమెంటు బస్తాకు ఆనించి విచారణ పెట్టేవాడు. జడ్జి ఏమన్నాడో, సాక్షి ఏం చెప్పాడో హిందీలో మాకు చెప్పేవాడు. హిందీ అంతగా రాని మా కరీంనగర్ వైపు వాళ్ళకు నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఉన్నదున్నట్టు చెప్పానని అబద్ధమాడను, కాస్త ఉప్పూకారం కలిపే చెప్పేవాణ్ణి.

"ఏందన్నా, గంత పెద్దోడు గంత చిన్న కుర్చీల కూసున్నడా?" అని ఒకడు ఆశ్చర్యపోయేవాడు.

"మనం ఊర్ల సర్పంచ్‌నే దించలేకపోతిమి గదరా," అని ఇంకొకడు.

చాచా ఊరుకుంటాడా? "క్యా జనరల్ సాబ్, తుమారా కేస్ కబ్ చల్తా?" అనేవాడు. నీ విచారణ ఎప్పుడు అని. అందరూ పగలబడి నవ్వేవారు. లోపల మండుతున్నా నేనూ నవ్వేవాణ్ణి.

మేస్త్రీ మాత్రం నవ్వేవాడు కాదు. చెప్పాల్సింది చెప్పి, ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. అతను అదో రకం మనిషి అనుకుని వదిలేశాను.

ఒక శుక్రవారం రూమ్‌లో నా పక్కన వచ్చి నిలబడ్డాడు. "సాబ్, మంగళవారం నాకు కోర్టు ఉంది. సెలవు కావాలి," అన్నాడు చిన్నగా.

గల్ఫ్‌లో పనిచేసేవాడి చెవిన కోర్టు అన్న మాట పడితే తట్టేది ఒక్కటే. కేసు. ఆ తర్వాత పోలీసు, పాస్‌పోర్టు, వీసా క్యాన్సిల్, ఎయిర్‌పోర్టు. అతను ఇంకో మాట అనేలోపే ఇంతెత్తున లేచాను. ఏం చేశావు, ఎవరితో గొడవపడ్డావు, నీ కేసులోకి నన్ను లాగకు అని అరిచాను. అతను ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనిస్తేగా! మంగళవారానికి అతని డ్యూటీ రుస్తాఖ్ సైట్‌లో వేసేశాను. రెండు గంటల దూరం. అక్కడుంటే ఏ గొడవా అంటదని నా లెక్క. పైగా అతనికి మేలు చేశానని కూడా అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మంగళవారం మధ్యాహ్నం పికప్ తీసుకుని రుస్తాఖ్ వెళ్ళాను. అక్కడ ఖర్జూర తోట పక్కన విల్లా కడుతున్నాం. బ్రేక్ నడుస్తోంది, మబేలా నుంచి ఆ వారం అక్కడికి పంపిన మావాళ్ళంతా షెడ్డు నీడలో నడుం వాల్చారు. మేస్త్రీ ఒక్కడే పై స్లాబ్ మీద, ఆ ఎండలో, ఫోన్ పైకెత్తి పట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతున్నాడు. అక్కడ ఫోన్‌లో మాటలు వినపడతాయి గానీ వీడియో రాదు.

"దిగు! చస్తావా ఏంది?" అని కింది నుంచే అరిచాను.

దిగాడు. కళ్ళ నిండా నీళ్ళు. తిట్టడానికి నోరు తెరిచినవాణ్ణి, ఏమైందని అడిగాను.

ఫోన్‌లో ఒక కాగితం చూపించాడు. నాకు ఆ భాష రాదు, కోర్టు ముద్ర మాత్రం తెలిసింది. తర్వాత ఒక ఫోటో చూపించాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, అచ్చం ఇతని ముక్కే.

"మా అన్న," అన్నాడు. "పదేళ్ళ కింద, ఇప్పుడు కోర్టులో ఉన్నాయన పోలీసులు ఇంటికొచ్చి తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు. చూసింది అమ్మా, నేనూ. అమ్మ కోర్టులో నిలబడే స్థితిలో లేదు, ఒళ్ళంతా వణుకుతుంది. ఇవాళ రెండు తర్వాత నన్ను వీడియోలో పిలుస్తారు. నేను కనబడకపోతే మా అన్న సంగతి వదిలేసి ముందుకు పోతారు సాబ్."

వేసవంతా ఊరందరి సాక్ష్యాలూ మాకు విప్పి చెప్పిన మనిషి, తన మాట తాను చెప్పుకోవడానికి ఒక్కరోజు అడిగాడు. ఛీ, ఏం మనిషిని నేను అనిపించింది. సిగ్గుపడుతూ కూర్చోవడానికి కూడా టైము లేదు.

సైట్ ఆఫీసు అంటే రేకుల క్యాబిన్. అందులో కంపెనీ ఇంటర్నెట్ ఉంది, లాప్‌టాప్ ఉంది, తాళం నా జేబులో ఉంది. తెరిచి కూర్చోబెట్టాను. లైను కలిసింది. అటునుంచి కోర్టువాళ్ళు చెప్పిన రెండు విషయాలు అతను నాకు హిందీలో చెప్పాడు. సాక్షి తప్ప గదిలో ఇంకెవరూ ఉండకూడదు. వెనక వచ్చే ఆ గరగర ఆగాలి, లేకపోతే మాట తెలియదు.

గరగర మా పాత ఏసీది. జూలై నెల, రేకుల గది. నేను వెనకాడాను. అతను వెనకాడలేదు. "బంద్ కరో సాబ్," అన్నాడు. ఆపేసి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాను.

వేసవంతా ముక్కూమొహం తెలియనివాళ్ళ సాక్ష్యాలు చూశాం. మా మనిషి మాట్లాడే రోజున మాత్రం రేకుల బయట చెవులు రిక్కించి కూర్చున్నాం. రెండయింది, రెండున్నర అయింది. అతని వంతు మూడు దాటాక వచ్చింది. లోపల గొంతు మొదట వణికింది. తర్వాత నిలదొక్కుకుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మధ్యమధ్య ఒక పేరు మళ్ళీ మళ్ళీ వినబడింది. అది వాళ్ళన్నదని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసింది.

మూడున్నర అయింది. అలవాటు కొద్దీ విజిల్ చేతిలోకి తీసుకున్నాను. అది మోగిందంటే టైల్స్ కోసే మిషను, డ్రిల్లు, మిక్సరు అన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. మావాళ్ళలో వయసులో పెద్దాయన నా చేతివంక చూశాడు.

"జర ఆగు తమ్మీ. గాయన మాట్లాడంగ మిషిన్లు నడుపుతమా? సల్లవడ్డంక గంట ఎక్కువ చేస్తం తియ్యి."

విజిల్ జేబులో వేసుకున్నాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి.

మూడుంముప్పావుకు మబేలా నుంచి ఇంజనీరు ఫోన్ చేశాడు. పని మొదలైందా అన్నాడు. లేదు సార్ అన్నాను. ఎందుకన్నాడు.

"లోపల కోర్టు నడుస్తోంది సార్."

"ఏ కోర్టు?"

"మీరు కూడా రోజూ చూసేదే సార్. ఇవాళ సాక్షి మన టైల్స్ మేస్త్రీ."

"అయ్యాకే మొదలుపెట్టు," అని ఫోన్ పెట్టేశాడు.

నాలుగుంబావుకు తలుపు తెరుచుకుంది. అతని చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది. నీళ్ళ బాటిల్ ఇచ్చి కుర్చీ లాగాను. ఆ గద్దె దిగినాయన ఏమన్నాడు, ఏమన్నాడు అని అందరూ చుట్టూ మూగారు.

"ఏమీ అనలేదు," అన్నాడు మేస్త్రీ. "మధ్యలో ఒకసారి లేవబోయాడు. కూర్చో, సాక్షి మాట ఇంకా అయిపోలేదు అన్నాడు జడ్జి. కూర్చున్నాడు. చివరిదాకా విన్నాడు."

చెబుతూనే నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. జడ్జి అన్న ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. శుక్రవారం నేను ఇతన్ని రెండో మాట కూడా అననివ్వలేదు. అందరి ముందే, "మాఫ్ కరో భాయ్," అన్నాను. సైట్ మీద ఎవరితోనూ ఎప్పుడూ అనని మాట అది. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

అంతలో అతని ఫోన్ మోగింది. వాళ్ళమ్మ. వాళ్ళ వీధి వీధంతా టీ హోటల్ టీవీ ముందు చేరి చూసిందట. స్పీకర్ పెట్టాడు. ఆమె ఏడుస్తూ మాట్లాడుతోంది. ఉన్నట్టుండి గొంతు హెచ్చింది, ఎవరినో గట్టిగా తిడుతోంది. మేస్త్రీ నావైపు చూసి ముసిముసిగా నవ్వి, ఆమెకు ఏదో జవాబు చెప్పాడు. ఆమె తిట్లు ఆపేసింది.

"ఏమంటోంది?" అన్నాను.

"అంత చెమటేమిట్రా, ఆ గదిలో గాలి కూడా పెట్టలేదా, నీ ఫోర్మన్ అసలు మనిషేనా అంటోంది సాబ్."

అందరూ గొల్లున నవ్వారు.

"మరి నువ్వేం చెప్పావు?"

"అన్న పేరు అందరికీ సరిగ్గా వినబడాలని మీరే ఏసీ ఆపారని చెప్పాను."