మామగారి అరచెయ్యి

మా మామగారు కొండల్లో మాట్లాడరు. అందరికంటే ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అరచెయ్యి పైకెత్తుతారు. ఆగమని అర్థం. వాషర్‌మెన్‌పేట్‌లోని బట్టల కొట్లో రోజంతా గొంతు చించుకునే మనిషి, ఏడాదికోసారి నీలగిరుల్లోని నేషనల్ పార్కులో అడుగుపెట్టగానే ఇలా మారిపోతారు.

పెళ్లయిన కొత్తలో నన్నూ తీసుకెళ్లారు. ఆయన వెతికేది వరయాడును, అంటే అక్కడి కొండమేకను. గడ్డి కొండల నిండా పొగమంచు. పొద్దున్నుంచీ ఆ చెయ్యి లేస్తూనే ఉంది, మేం ఆగుతూనే ఉన్నాం. మంచు తొలగాక చూస్తే ప్రతిసారీ బూడిదరంగు బండే.

"ఈయన కండ్లకి బండలన్నీ మేకలే," అన్నారు అత్తగారు, మోకాళ్లు పట్టుకుని. "ఇంక నేను నిలవను. నువ్వు రామ్మా, పోదాం."

మళ్లీ చెయ్యి లేచింది. అత్తగారు ఆగకుండా ఆయన్ని దాటి నాలుగడుగులు వేశారు.

ఎదురుగా ఉన్న బండ లేచి నిలబడింది. వంకర కొమ్ముల తల తిప్పి మమ్మల్ని చూసింది. దాని పక్కనున్న చిన్న బండ కూడా లేచి, పాల కోసం తల్లి పొట్ట కింద దూరింది.

అత్తగారు అక్కడే గడ్డిలో కూలబడ్డారు.

"ఆడ చూడండి, పిల్ల గూడా ఉండాది," అన్నారు గుసగుసగా, ఆయనకేదో కొత్తగా చూపిస్తున్నట్టు. మామగారు ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయారు.

ఇప్పుడు బజారులో కూడా నడుస్తూ నడుస్తూ ఆయన అరచెయ్యి పైకెత్తుతారు. ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉన్నా సరే, అందరికంటే ముందు ఆగేది అత్తగారే.