ఆయ్ అంటే అవునని రాశాను

పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఎవరి పనులు వాళ్లు ఎంతవరకు చేసుకోగలరో చూసి రాయడం నా ఉద్యోగం. స్నానం, బట్టలు, బాత్రూం, మంచం దిగడం, తినడం, ఇలాంటివే ఆరు ప్రశ్నలు. చేతకాదని తేలితే మా ట్రస్టు రోజూ ఒక ఆయాను పంపుతుంది. చేసుకోగలరంటే ఆపేస్తుంది.

అల్లవరం దగ్గర ఒక ఇంట్లో పక్షవాతంతో కుడివైపు పడిపోయిన రిటైర్డు టీచరుగారు ఉన్నారు. కోడలు రొయ్యల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. పగలు ఆయా ఉంటుంది కాబట్టే వెళ్లగలుగుతోంది. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

నేను వెళ్లిన రోజు ఆయాకు సెలవు. కోడలు వంటింట్లో ఉంది. టీచరుగారు ఉతికిన చీరలో మంచం మీద కూర్చుని ఉన్నారు. స్నానం మీరే చేస్తారా అండీ అంటే ఆయ్ అన్నారు. బట్టలు కట్టుకోవడమూ అంటే, ఆయ్. బాత్రూం గురించి అడిగేటప్పుడు నా గొంతు నాకే వినపడలేదు. దానికీ ఆయ్ అన్నారు, కిటికీ వైపు చూస్తూ.

నోటిమాట నమ్మొద్దు, చేసి చూపించమనండి అని మా సూపర్‌వైజరు మొదటి రోజే చెప్పేరు. ఒక టీచరుగారిని లేచి నిలబడండి అనడానికి నాకు నోరు రాలేదు. నేనూ ఇక్కడ పుట్టినదాన్నే. మా దగ్గర సగంసార్లు ఆయ్ అంటే విన్నానండి అని, ఇంక చాలండి అని. మా అమ్మమ్మ ఒళ్లు కాలిపోతున్నా, జ్వరం తగ్గిందా అంటే ఆయ్ అనేది. అయినా ఆ మాట నాకు సుఖంగా ఉంది, ఇంకేమీ అడగక్కర్లేదు. ఆరింటికీ అవును నొక్కి ట్యాబ్‌లో పంపేశాను.

అప్పుడు కోడలు కాఫీ తెచ్చింది. నా గ్లాసు నాకిచ్చి, అత్తగారి గడ్డం కింద తువ్వాలు పెట్టి, గుక్కగుక్కగా తనే పట్టించింది.

నేను చేసింది కోడలికి చెప్పి ఆఫీసుకు ఫోన్ చేశాను. మార్చాలంటే పేషెంటు స్వయంగా చేతకాదని చెప్పాలట, అది రికార్డు చేస్తారట. స్పీకరు పెట్టి, కాదని ఒక్క మాట అనండి టీచరుగారూ అని బతిమాలాను.

"అత్తయ్యగారూ, మీరు ఆయ్ అంటే ఆయా పోద్దండి," అంది కోడలు. నవ్వబోయింది గానీ నవ్వలేకపోయింది.

మీ పనులు మీరు చేసుకోగలరా అండీ అని ఫోన్లోంచి ఒక మగ గొంతు అడిగింది. టీచరుగారు ఎడమచేత్తో పైట సర్దుకున్నారు.

"ఆయ్," అన్నారు.

మళ్లీ పరిశీలన ఆరు నెలల తర్వాతే. కోడలు గుమ్మందాకా వచ్చి, ఫ్యాక్టరీ వ్యానును ఎప్పటినుంచి మా వీధిలో ఆపొద్దని చెప్పమంటారండీ అని అడిగింది. ఆయా రావడం ఆగిపోయే ఆ తేదీ కూడా నాకు తెలియదు.